పూస పచ్చగానే ఉంది

1
ఎండకాలం 31వ నాడు

ఎనభై దాటిన ప్రతి మనిషికీ చలవపేట పంచాయితీ ఒక ఖాళీ పుస్తకం ఇస్తుంది. ఊరు పుట్టిన రోజున అందరి ముందూ చదవడానికి తొలినాళ్ల జ్ఞాపకాలు రాయమంటుంది. మొన్న నాకూ ఇచ్చారు. నూట ఇరవై పుటలు, గట్టి అట్ట. ఇచ్చిన పిల్ల నవ్వుతూ "మంచి సంగతులే రాయండి తాతా" అంది. నాకు వెంటనే అనుమానం వచ్చింది. మంచి సంగతులే కావాలని అడిగేవాళ్ల దగ్గర చెడ్డవి ఎక్కడో మూటగట్టి ఉంటాయి.

నా పేరు మద్దిలేటి. నలభై ఏళ్లు ఈ ఊళ్లో కణపరీక్ష డాక్టరుగా పనిచేశాను. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కను పల్చగా కోసి, రంగు పట్టించి, గాజు పలక మీద పరిచి, సూక్ష్మదర్శినిలో చూసి, ఇది కాన్సరు, ఇది కాదు అని తేల్చడం నా పని. పన్నెండేళ్ల కిందట ఆ పనిని ఒక యంత్రానికి అప్పగించి, నా మెడలో దండ వేసి ఇంటికి పంపారు. దండ వేసినవాడు డాక్టరు శేషఫణి. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు సంతాన కేంద్రానికి పెద్ద. ఈ పుస్తకంలో మొదటి యాభై పుటలు అతనికే కేటాయించాను. మిగతావి పంచాయితీకి. నా సూక్ష్మదర్శినిని పిల్లల బడిలో ఆటవస్తువుగా పెట్టిన మహానుభావుడికి కూడా చోటు మిగలవచ్చు.

ఈ రోజు పనులు. పైకప్పు మూసే గంట కొట్టకముందే రాగి మొలకల పళ్లేలను పైనుంచి కిందికి దించాలి. ఒక్కటి మరిచిపోయినా పొద్దెక్కేసరికి మాడి బూడిదవుతుంది. ఆ పని నా కొడుకు కూతురు నీలావతిది. ఎండకు తట్టుకోలేక మేం పాత నాపరాళ్ల గనిలోనే కాపురం ఉన్నాం. మెట్లు నూట నాలుగు, రోజూ రెండుసార్లు. నేను రాతిగోడల మీద పట్టిన తడిని గుడ్డతో తుడిచి కుండలోకి పిండుతాను. నీలావతి మొగుడు ఉరుకుందు, పైగాలిని లోపలికి లాగే గాలిబావిలో రెక్కలు శుభ్రం చేస్తాడు. అతని రెక్కలు ఆగితే మేమందరం ఆగుతాం.

తర్వాత ఉమ్మడి వంటింటికి. అక్కడ ఆడవాళ్లు ఒకరినొకరు పలకరించుకునే మాట ఒకటే.

"పచ్చేనా?"

"పచ్చే."

ఇరవై నిండిన ప్రతి ఆడమనిషీ లేవగానే పది నిమిషాలు పూసల రవిక తొడుక్కుంటుంది. లోపల వరసలుగా కుట్టిన పూసలు రొమ్మును మెత్తగా నొక్కి చూస్తాయి. తేడా ఏమీ లేకపోతే మెడ దగ్గరి పూస పచ్చగా వెలుగుతుంది. గడ్డ తగిలితే ఎర్రగా. ఆ పూసను తీసి గొలుసుకు తగిలించుకుని రోజంతా తిరుగుతారు. మంచిదే. రవికలు వచ్చిన కొత్తలో నా బల్ల మీదికి వచ్చే ముక్కలన్నీ చిన్నవైపోయాయి, బతికేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆ రవికలు తెప్పించింది శేషఫణి కాదు.

2
ఎండకాలం 34

వంటింటి పెద్ద దస్తగిరమ్మ కూతురు మాబున్నికి పోయిన నెల ఆపరేషన్ అయింది. ఈ రోజు సంకటి పెట్టించుకుంటూ అడిగాను.

"మాబున్ని ఎట్లుండాది?"

"లేచి కూచుంటా ఉండాది సామీ. తినమంటే నా మీదికొస్తాది. అంటే బాగైనట్టే."

"గడ్డ ఎంతుండె?"

"నిమ్మకాయంత అన్నారు."

"నిమ్మకాయంత అయ్యేదాకా పూస ఏం చేస్తాండె?"

దస్తగిరమ్మ గరిటె ఆపింది. "పచ్చగానే ఉండె సామీ. ఆపరేషన్‌కు పోయే పొద్దున గూడా పచ్చే. స్నానం చేస్తా పిల్లే చేత్తో పట్టుకుంది గాబట్టి సరిపాయె."

"మరి ఆ సంగతి శేషఫణిని అడగలేదా?"

"అడిగితే, సూదులు పడే ఒంట్లో పూసకు సరిగ్గా తెలీదు అన్నారు. పిల్ల బతికింది గదా అని ఊరుకున్నా."

మాబున్ని అయిదు దఫాలు చేయించుకున్న మనిషి. పిల్లలు నిలవని జంటలకు సంతాన కేంద్రంలో ఇచ్చే వైద్యాన్ని మా ఊళ్లో దఫా అంటారు. పన్నెండు రోజులు కడుపులో హార్మోను సూదులు, అండాలు తీయడం, గాజుగిన్నెలో కలపడం, తిరిగి లోపల పెట్టడం, ఆ తర్వాత ఎదురుచూడటం. ఈ వేడిలో కడుపులు నిలవడమే అరుదు కాబట్టి ఊళ్లో నాలుగో వంతు ఆడవాళ్లు జాబితాలో ఉన్నారు. నీలావతికి ఇది నాలుగో దఫా.

రెండేళ్లలో ఆలస్యంగా దొరికిన గడ్డలు మూడు, నాకు తెలిసి. ముగ్గురూ దఫాల్లో ఉన్నవాళ్లే. సూదులు ఎవరివి? శేషఫణివి. ఒక నెత్తురు చుక్క చూసి రోగం పేరు చెప్పకూడదని నేనే అతనికి నేర్పాను. కానీ నాకు ఈ రోజు మనసు చాలా ఉత్సాహంగా ఉంది.

3
ఎండకాలం 37

ఆ ఉత్సాహం పోయింది.

నీలావతి పళ్లేలను కుడిచేత్తోనే దించుతోంది. ఎడమ మోచెయ్యిని ఒంటికి అదిమి పట్టుకుంది.

"ఎడమ చేతికేమైంది?"

"ఏం కాలేదు జేజినాయనా. నిద్రలో ఒత్తుకున్నా."

"ఎన్నాళ్ల నుంచి ఒత్తుకుంటాండావు?"

పళ్లెం కింద పెట్టింది. "నీకు అనుమానాలు తప్ప వేరే పనే లేదు." గొలుసు లాగి పూసను నా ముక్కు దగ్గర పెట్టింది. "ఇదిగో. పచ్చ. కనపడతాందా?"

"పూసను అడగలేదు. నిన్ను అడిగినా."

మెట్ల మీద కూర్చుంది. గోడ వైపు చూస్తూ చెప్పింది.

"రెండు నెలలైంది. ఒక చోట గట్టిగా ఉండాది. దఫాలో అందరికీ గట్టిపడతాయని నర్సమ్మ చెప్పింది."

"అందరికీ రెండు పక్కలా గట్టిపడతాయి. నీకు రెండు పక్కలా ఉండాదా?"

"ఒక పక్కే."

"అయితే పద, చూపిద్దాం."

"నేను రాను. నువ్వు ఎవరితోనూ అనద్దు." నా చెయ్యి పట్టుకుంది. "జాబితాలోంచి పేరు కొట్టేస్తారు జేజినాయనా. ముప్పై ఏడు నిండితే మళ్ల ఎక్కించరు. నాకింక ఏడు నెలలే ఉండాయి. ఈ దఫా నిలుస్తాదేమో. పచ్చగా ఉన్న పూసను కాదని నేనే పోయి నా పేరు కొట్టించుకోవల్లనా?"

సాయంత్రం ఉరుకుందు దుమ్ముతో వచ్చాడు. వాడికి సంగతి తెలుసని వాడి మొహమే చెప్పింది. "పూస పచ్చగా ఉంటే మనం వేలు పెట్టేదేముంది జేజినాయనా?" అన్నాడు, నా వైపు చూడకుండా. వాడిని తిట్టాలనుకున్నాను. వాడు రెండేళ్లుగా గాలిబావిలో దొరికే రాగితీగ ముక్కలతో ఒక ఉయ్యాల గొలుసు అల్లుతున్నాడు. మంచం కింద దాచాననుకుంటాడు. తిట్టలేదు.

4
ఎండకాలం 38

శేషఫణి దగ్గరికి పోయాను. నీలావతి పేరు ఎత్తనని మాట ఇచ్చాను కాబట్టి ఎత్తలేదు.

"రండి సార్. పన్నెండేళ్లకు దారి తెలిసిందా?"

"ఈ దారి నేను వేసింది. నువ్వు కూచున్న గది నా గాజు పలకల గది."

"తెలుసు. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా మీ రంగుమందు వాసన పోలేదు." తులసి కషాయం పోయించాడు. నేను తాగలేదు. అతను గమనించి తన గ్లాసు, నా గ్లాసు మార్చాడు. అయినా తాగలేదు.

"నీ సూదులు కాన్సరు పుట్టిస్తాండాయి" అన్నాను.

కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకోలేదు. నాకు అదే అన్నిటికన్నా అనుమానంగా తోచింది. లేచి అలమరలోంచి ఒక కట్ట తీసి నా ముందు పెట్టాడు.

"నాకూ ఆ భయం ఉండె సార్. పదేళ్ల వివరాలు తీయించినా. పేర్లుండవు, మిగతావన్నీ ఉండాయి. యంత్రం తీసిన లెక్క మీరు నమ్మరని తెలుసు. చేత్తో రాయించిందే ఇది. ఇంటికి తీసుకపోండి."

"నేను వస్తానని ముందే రాయించి పెట్టుకున్నావా?"

"మీరు రాకుండా ఎన్నాళ్లుంటారు సార్?" అన్నాడు.

5
ఎండకాలం 39

రాత్రంతా కాదు, పగలంతా కూర్చున్నాను. పైకప్పు మూసి ఉన్న పగలు చదువుకోవడానికి మంచి సమయం. చరిత్ర పుస్తకాలు కొన్ని వందలు చదివినవాణ్ణి. శత్రువు స్వయంగా చేతికిచ్చిన పత్రంలో ఏ వరసలో మోసం ఉంటుందో వెతకడం నాకు కొత్త కాదు.

మోసం లేదు. దఫా ఎరగని ఆడవాళ్లు ఆరువందల పదకొండు మంది. పదేళ్లలో వాళ్లలో పదిహేను మందికి రొమ్ము కాన్సరు వచ్చింది. దఫాలు చేయించుకున్నవాళ్లు రెండువందల నలుగురు. వాళ్లలో అయిదుగురికి. అక్కడా నూటికి రెండున్నర, ఇక్కడా రెండున్నర. చిన్న ఊరు, చిన్న లెక్క. దీన్ని పట్టుకుని ప్రమాణం చేయలేను. కానీ సూదుల మీద నేరం మోపడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ మాట రాస్తుంటే నా చెయ్యి మొండికేసింది.

కట్ట కట్టేయబోతూ చివరి వరస చూశాను. గడ్డ పరిమాణం. ఆ వరసను ఎవరూ విడదీసి చూడలేదు. మొదటి పదిహేను మందిలో పదమూడు మందికి వేరుశనగ గింజ కన్నా చిన్న గడ్డలు. రెండో గుంపులో అయిదుగురికీ ఉసిరికాయ, ఆపైన.

అంటే దఫా కాన్సరును పుట్టించడం లేదు. దఫాలో ఉన్నవాళ్లకు పూస దాన్ని చూపించడం లేదు.

6
ఎండకాలం 40

దస్తగిరమ్మను సగ్గుబియ్యం అడిగాను.

"పాయసమా సామీ?"

"కాదు. రొమ్ము చేయల్ల."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఈ వయసులో మీకు ఇది అవసరమా?" వంటింట్లో ఉన్న ఆడవాళ్లంతా పళ్లేలు పట్టుకుని నవ్వారు. నవ్వనీ.

సగ్గుబియ్యాన్ని చిక్కగా ఉడికించి, పల్చని రబ్బరు సంచుల్లో పోసి, గట్టిపడేలోగా ఒక సంచిలో చింతగింజ దించాను. రెండో దానిలో ఏమీ వేయలేదు. రెండిటినీ వేణ్ణీళ్లలో పెట్టి ఒంటి వేడికి తెచ్చాను. రవికకు కావలసింది వెచ్చదనం, మెత్తదనం. లోపల ఉన్నది మనిషో జావో దానికి తెలియదు. ఎవరి రవికో మాత్రం మెడపట్టీలో కుట్టిన సంఖ్యను బట్టి తెలుస్తుంది.

మొదట దస్తగిరమ్మ రవిక. ఆమెకు అరవై అయిదు, ఏనాడూ దఫా ఎరగదు. గింజ లేని సంచికి పచ్చ. గింజ ఉన్న సంచి పెట్టగానే ఎర్ర.

తర్వాత నీలావతి రవిక. అదే సంచి, అదే గింజ. పచ్చ.

వేడి చాలలేదేమోనని మళ్లీ వెచ్చబెట్టాను. పచ్చ. రెండో గింజ గుచ్చాను. పచ్చ. దస్తగిరమ్మ ఇంక నవ్వలేదు. గూట్లోంచి ఒక చిన్న నిమ్మకాయ తీసి నా చేతికిచ్చింది. దాన్ని కూడా కుక్కి పెట్టాను. సంచి బయటికే బొడిపె కనిపిస్తోంది.

పచ్చ.

నీలావతి అంతా చూసింది. గొలుసు విప్పి, పూసను పిడికిట్లో పట్టుకుంది.

"అయితే ఇన్నాళ్లూ ఇది నన్ను చూడనే లేదు" అంది. ఇంకాసేపటికి, "పద జేజినాయనా" అంది.

సంచిని, రవికలను గుడ్డలో చుట్టుకుని ముగ్గురం పోయాం. నేను, నీలావతి, పని మధ్యలో పిలిస్తే నల్లటి చేతులతోనే వచ్చిన ఉరుకుందు. శేషఫణి బల్ల మీద మళ్లీ చేసి చూపించాను. అతను ఆ బొడిపెను వేలితో నొక్కి చూశాడు.

"పద్నాలుగో రూలు" అన్నాడు తనలో తాను.

"అంటే?"

"దఫా మొదలైన రోజు నుంచి, అయిపోయినాక నలభై రోజుల దాకా, పూస ఏం చూసినా పచ్చే చూపిస్తాది. సూదులకు రొమ్ములు వాచి ఊరికే ఎర్ర పడతాండెనని పెట్టినారు."

"ఎవరు పెట్టినారు?"

అతను నా కళ్లలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు. "రికార్డు గదిలో ఉండాది సార్. చూడద్దని చెప్పను. ముందు అమ్మాయిని చూడనియ్యండి."

దొరికాడు అనుకున్నాను. అతను నీలావతిని లోపలికి తీసుకుపోయి గడ్డలోకి సూది వేసి ముక్క తీస్తుంటే, తోడుగా అక్కడే ఉండవలసిన నేను, ఆమెను ఉరుకుందుకు వదిలేసి రికార్డు గదికి నడిచాను.

7
అదే రోజు, ఇంటికి వచ్చాక

రికార్డు గది నీళ్లతొట్టి కింద ఉంది. కాగితాలు చెమ్మకు ఉబ్బి ఉన్నాయి. పద్నాలుగో రూలు ఊరి ముప్పై తొమ్మిదో ఏటిది. ఇరవై రెండేళ్ల కిందటిది.

పైన ఒక అర్జీ. ఇరవై ఏడు మంది ఆడవాళ్ల సంతకాలు. దఫా రోజుల్లో అప్పట్లో పూసను ఆర్పి ఉంచి, దఫా అయిపోగానే మళ్లీ వెలిగించేవారట. మెడలో పూస ఆరి ఉంటే వంటింట్లో, నీళ్ల దగ్గర, మెట్ల మీద అందరూ అడుగుతున్నారు, దఫా మొదలైందని ఊరంతటికీ తెలుస్తోంది, నిలవకపోతే ఒక్కొక్కరికీ మళ్లీ సమాధానం చెప్పుకోవలసి వస్తోంది, కాబట్టి ఆ రోజుల్లోనూ పచ్చగానే ఉంచండి అని రాశారు. పొద్దున పూట ఒక పలకరింపు. దాన్ని తప్పించుకోవడానికి ఇరవై ఏడు సంతకాలు. మొదటి సంతకం సరోజనమ్మది. నా భార్య. నీళ్ల వరస చూసుకునేది తనే. ఆరిన పూసతో వచ్చిన ఆడవాళ్లు తలవంచుకుని కుండ నింపుకోవడం రోజూ చూసింది. ఆమె పోయి పదిహేనేళ్లు. ఆ గుండ్రటి అక్షరాలు చూసి కూర్చుండిపోయాను.

కింద శేషఫణి చేతిరాత. "పూసను ఆర్పి ఉంచడమే మేలు. తెలియదని చెప్పడం వేరు, ఏమీ లేదని చెప్పడం వేరు. పచ్చ చూపడం అబద్ధం."

దాని కింద మరొక చేతిరాత. "దఫా ఏడాదికి ఒకసారి. నలభై రోజులు మౌనంగా ఉంచినంత మాత్రాన ఏ గడ్డా కొంప ముంచదు. కుర్రవాడి భయాలకు విలువ ఇవ్వనక్కరలేదు. ఆమోదం." సంతకం, మద్దిలేటి.

నాకు గుర్తులేదు. ఈ ఊళ్లో నాకు ఎవరు ఏ సభలో ఏ మాట అన్నారో, నా దండలో ఎన్ని బంతిపూలు వాడిపోయి ఉన్నాయో గుర్తుంది. ఇది గుర్తులేదు. అప్పట్లో దఫా అయ్యాక వాపు తగ్గకముందే ఊరికే పడే ఎర్రపూసల ముక్కలు నా బల్ల మీద గుట్టలుగా ఉండేవి. అది మాత్రం గుర్తుంది. ఆడవాళ్ల మనసు కోసం సంతకం పెట్టానో, నా పని తగ్గుతుందని పెట్టానో ఇప్పుడు ఎవరిని అడగాలి?

గదిలో ఎవరూ లేరు. కాగితం మెత్తగా ఉంది, చింపితే చప్పుడు కూడా రాదు. మడిచి జేబులో పెట్టుకున్నాను. చింపడానికో, చూపడానికో ఆ క్షణంలో నాకు తెలియదని రాస్తే ఎవరైనా నమ్ముతారా? నేనైతే నమ్మను.

8
ఎండకాలం 45

యంత్రం కాన్సరు అంది. నేను నమ్మనన్నాను. శేషఫణి బడి నుంచి నా సూక్ష్మదర్శిని తెప్పించాడు. పిల్లలు దాని గొట్టానికి రంగుకాగితం అంటించారు. పైనుంచి ఎండ దించే వెలుతురుగొట్టం కింద అద్దం తిప్పి గాజు పలక పెట్టాను.

పన్నెండేళ్ల తర్వాత అదే గులాబి రంగు, అదే ఊదా. వరస తప్పిన కణాలు. యంత్రం అబద్ధం చెప్పలేదు. నా మనవరాలి ఒంట్లోది అని మరిచిపోయి చూడటానికి మూడుసార్లు కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

నీలావతి, ఉరుకుందు ఎదురుగా కూర్చున్నారు. శేషఫణి చెప్పాడు.

"గడ్డ ఉసిరికాయంత ఉండాది. ఇప్పుడు లోపల పెట్టిన పిండం నిలవలేదమ్మా, నిన్నటి రక్తపరీక్షలో తెలిసింది. ఆపరేషన్ చేయల్ల, ఆ తర్వాత మందులు. మందులు పడినాక నీ అండాశయాలు పనిచేస్తాయని మాట ఇయ్యలేను. పదిహేను రోజులు నాకిస్తే ముందు అండాలు తీసి దాచిపెడతా. ఈసారి హార్మోను పెరగకుండా పక్కనే వేరే మాత్ర ఇస్తా."

"జాబితా?" అంది నీలావతి.

"దాచినవాటికి వయసు పెరగదు. జాబితా సంగతి నేను పంచాయితీతో కొట్లాడతా."

ఉరుకుందు లేచాడు. "పిల్లలొద్దు, ఏమొద్దు. రేపే కోసేయండి సార్."

"నువ్వు కూచో" అంది నీలావతి. నా వైపు తిరిగింది. "పదిహేను రోజులు ఆగితే చస్తానా జేజినాయనా? నిజం చెప్పు. నువ్వు చెప్పినట్టు చేస్తా."

జేబులో కాగితం బరువెక్కింది. నలభై రోజులకు ఏ గడ్డా కొంప ముంచదని రాసినవాణ్ణి, ఇప్పుడు నన్ను పదిహేను రోజుల గురించి అడుగుతోంది.

కాగితం తీసి ఆమె ఒళ్లో పెట్టాను. చదివింది. మొగుడికి ఇచ్చింది. వాడు పెదాలు కదుపుతూ చదివాడు.

"ఇట్లాంటి మాట మీద ఒకసారి సంతకం పెట్టినా" అన్నాను. "అందుకని నా మాట వినద్దు. గాజు పలక చెప్పేది మాత్రం చెబుతా. ఇది నిదానంగా పెరిగే రకం. ఇట్లాంటిదానికి పదిహేను రోజులు ఆగొచ్చనే నేను చదివిన పుస్తకాలన్నీ చెబుతాయి. కచ్చితంగా ఏమీ కాదని ఎవడన్నా అంటే వాడిని నమ్మద్దు, నన్ను గూడా. ఆగితే, పదహారో రోజు పొద్దున నేను ఈ తలుపు దగ్గర కూచోనుంటా. పదిహేడో రోజు కానియ్యను."

నీలావతి కాగితాన్ని మడత మీద మడత పెట్టింది. "జేజి సంతకం ఎంత బాగుండాదో" అంది. అంతే. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఆగుతా" అంది తర్వాత.

వాళ్లు వెళ్లాక శేషఫణిని అడిగాను. "తెలిసి గూడా ఎందుకు చెప్పలేదు?"

"మీరు రాసింది నలభై రోజులు సార్. అప్పుడు దఫా ఏడాదికొకటి. తొమ్మిదేళ్ల కిందట రెండు నెలలకొకటి చేసింది నేను. నలభై రోజుల మౌనం అయ్యేలోగా ఇంకో దఫా. మౌనానికి సందే లేకుండా పాయె." కషాయం గ్లాసును తిప్పుతూ కూర్చున్నాడు. "వద్దని రాసినవాణ్ణే. మార్చే కుర్చీలో కూచున్నాక నేను గూడా మార్చలేదు. పూస పచ్చగా ఉంటే ఎవరూ దఫా మధ్యలో మానుకోరు. నాకు సులువైపాయె. మాబున్ని తల్లి వచ్చి అడిగినప్పుడన్నా..."

పన్నెండేళ్లుగా అతని నోటివెంట ఇలాంటి మాట వినాలని కోరుకున్నాను. వినేటప్పుడు నా సంతకం పక్కనే ఉంటుందని అనుకోలేదు.

9
ఎండకాలం 52

రూలు పంచాయితీ తీర్మానం. సభలోనే తీయాలి. సభ ఊరు పుట్టిన రోజున. అప్పటిదాకా శేషఫణి దఫాల్లో ఉన్న నలభై ముగ్గురినీ పిలిపించి చేతులతో పరీక్షిస్తున్నాడు. నిన్నటికి ఇరవై తొమ్మిది మంది. ఒకరి దగ్గర వేరుశనగ గింజంత దొరికింది. ముక్క నా దగ్గరికి పంపాడు, యంత్రం దగ్గరికి కూడా. ఇద్దరం ఒకే మాట చెప్పాం.

నీలావతికి సూదులు రోజూ నా ఎదురుగానే వేయిస్తున్నాను. సీసా మీద పేరు, మందు పేరు, తేదీ చదువుతాను. నర్సమ్మ విసుక్కుంటుంది. "తాతా, నిన్న చదివిన సీసానే."

"నిన్నటిదో కాదో చదివితే గదా తెలిసేది."

10
ఎండకాలం 60

ఊరు పుట్టిన రోజు. నిన్న నీలావతి అండాలు తీశారు. తొమ్మిది. దాచడానికి పనికొచ్చినవి ఏడు. డబ్బా మీద ఆమె పేరు నేను స్వయంగా చదివాను, రెండుసార్లు.

సభలో నా పేరు పిలిచారు. పుస్తకం ఇచ్చిన పిల్ల ముందు వరసలో నవ్వుతూ కూర్చుంది. జ్ఞాపకాలు చదవలేదు. ఆ చెమ్మకాగితం చదివాను. అర్జీ, ఇరవై ఏడు పేర్లు, శేషఫణి మాట, నా మాట, నా సంతకం. "కుర్రవాడి భయాలకు" అన్న చోట ఆగాను. మళ్లీ మొదటినుంచి ఆ వాక్యం చదివాను.

వెనక నుంచి ఎవరో అరిచారు. "అయితే మా పిల్లల రొమ్ములతో నీ పని తగ్గించుకున్యావా ముసలోడా?" నా జవాబు ఆ మనిషికి అవసరం లేదు.

తర్వాత శేషఫణి లేచి, దఫాలు రెండు నెలలకొకటి చేసింది తానని చెప్పాడు. అడగకుండానే చెప్పాడు. నాకన్నా తక్కువ మాటల్లో చెప్పాడు, అది కూడా నాకు కష్టంగానే ఉంది. అర్జీలో సంతకం పెట్టిన ఒక ముసలమ్మ లేచి, "మేం సిగ్గుపడి అడిగినాం నాయనా, సచ్చిపోవాలని అడగలేదు" అంది. పద్నాలుగో రూలు తీసేశారు. రేపు పొద్దున్నుంచి పూస చూసిందే చూపిస్తుంది.

11
ఎండకాలం 61

పదహారో రోజు. ఆపరేషన్ గది తలుపు దగ్గర కూర్చుని రాస్తున్నాను. నీలావతి లోపలికి వెళ్లి గంట దాటింది. ఉరుకుందు నా పక్కనే నేల మీద కూర్చుని రాగితీగ అల్లుతున్నాడు, ఇక దాచడం లేదు. శేషఫణి మనిషి చేత రెండు గ్లాసుల కషాయం పంపాడు. ఉరుకుందు తాగాడు. నాది చల్లారుతోంది. వాడికి ఏమీ కాకపోతే తాగుతాను.

పొద్దున జరిగింది రాయాలి.

ఇంటి నుంచి ఇక్కడికి రావాలంటే ఉమ్మడి వంటింట్లోంచే దారి. ఊరంతా పళ్లేల ముందు కూర్చునే వేళ. నీలావతి లేచి అలవాటు ప్రకారం రవిక తొడుక్కుంది. పది నిమిషాలు. మెడపూస ఎర్రగా వెలిగింది. దఫాలు మొదలైనాక మొదటిసారి అది ఆమెను చూసింది.

"తీసి పెట్టేసి పోదాం" అన్నాడు ఉరుకుందు. "ఎవరికీ కనపడేది లేదు."

ఆమె పూసను గొలుసుకు తగిలించుకుని, పైట మీద కనబడేలా సర్దుకుంది.

వంటింటి ఈ చివరి నుంచి ఆ చివరికి నలభై అడుగులు ఉంటుంది. మేము లోపలికి అడుగు పెట్టగానే చప్పుళ్లు ఆగాయి. అందరి చూపులూ ముందు ఆ పూస మీదికి, వెంటనే పళ్లేల్లోకి. రోజూ నలుగురైదుగురు అడిగే మాట ఈ రోజు ఒక్కరూ అడగలేదు. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి నీలావతి నా మోచెయ్యి పట్టుకుంది.

దస్తగిరమ్మ గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, దారికి అడ్డంగా నిలబడింది. వంటిల్లంతా వినేలా అడిగింది.

"పచ్చేనా?"

నీలావతి తల ఎత్తింది.

"ఎర్ర."

"అయితే ఏం తినకుండా పో. నీ సంకటి మూత పెట్టి ఉంచుతా."